మన్ను కక్కే నత్తలు

వండిన నత్తలకు మళ్లీ ప్రాణం పోసే చదువు ఆరాధన చదవలేదు. అందుకే ఖాళీ బకెట్‌ను రెండు చేతులతో పట్టుకుని, అందులో ఇంకా ఏదో మిగిలి ఉన్నట్టు చూస్తూ వాకిట్లో నిలబడిపోయింది. శనివారం పొద్దున్నే కరీంనగర్ నుంచి తొలి బస్సుకు వచ్చింది. భుజానికి వేలాడుతున్న ఐసు డబ్బా కూడా ఇంకా దించలేదు.

తల్లి మగ్దలేనమ్మ వంటింటి గడపలో గరిటెతో నిలబడి ఉంది. ఆమె వంటకు వంక పెట్టినవాళ్లు ఆ ఊళ్లో లేరు. పెట్టినవాళ్లకు మరోసారి పిలుపు ఉండదు. అలాంటిది కన్నకూతురే మొహం అట్లా పెట్టేసరికి ఆమెకు ముందు కోపం వచ్చింది, తర్వాత భయం వేసింది.

"నువ్వే గద చెప్పినవ్, నత్తలు మన్ను కక్కాలె, మంచినీళ్లల్ల ఉంచు అని," అంది. "కక్కినంక నత్తలను ఇంకేం జేస్తరు బిడ్డా?"

ఆరాధన బకెట్ కింద పెట్టింది. గురువారం నాడు ఊరి వాగు ఈదులొర్రెలోంచి జాలీ సంచులు తీసి, నత్తలను రెండు బకెట్లలో వేసి, బస్సు వెళ్లిపోతుందన్న తొందరలో తల్లికి ఆ మాట చెప్పి పరుగెత్తింది తానే. నత్త కడుపులో మన్ను ఉండగా పరీక్ష చేస్తే, ఆ మన్నులోని సీసం కూడా నత్త ఒంట్లోదిగానే లెక్కకొస్తుంది. అందుకే రెండు రోజులు మంచినీళ్లలో ఉంచి కడుపు ఖాళీ చేయించాలి. కరీంనగర్‌లో తాను చదివే చోట ఆ పనికి బారెడు పొడవున్న ఇంగ్లీషు పేరుంది. ఇంటికొస్తే నోటికి ఇంటి మాటే వచ్చింది. ఆ ఇంట్లో మన్ను కక్కడానికి పెట్టారంటే ఒకటే అర్థం, మర్నాడు కూర.

శుక్రవారం కూర అయింది. చింతచిగురు వేసి, ఎల్లిపాయ కారం దట్టించి, కోడలు మహిమ నోటికి ఏమీ సహించడం లేదంటే మగ్దలేనమ్మ ప్రేమతో వండింది. మహిమకు ఆరో నెల.

"వదినె, నువ్వెంత తిన్నవ్?" అని ఆరాధన మెల్లగా అడిగింది.

అరుగు మీద కూర్చున్న మహిమ చేయి దానంతట అదే కడుపు మీదికి పోయింది. "కడుపునిండ తిన్న," అంది. "మళ్ల ఏయించుకుని తిన్న. ఎందుకట్ల అడుగుతున్నవ్?"

పారకు కామ బిగిస్తున్న తండ్రి బక్కయ్య చేతిలో సుత్తి ఆగిపోయింది. ఆయన ఇంటి పెద్ద. పొలం పని ఎంత తెలుసో, ఎప్పుడు నోరు మూసుకోవాలో కూడా అంత తెలిసిన మనిషి.

ఒర్రె పక్కన పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే కంపెనీ ఉంది. ఆ నీళ్లను ఏడాదిగా పరీక్షిస్తున్న ఆరాధన, ఈసారి నత్తలు నింపిన జాలీలను కంపెనీకి నీళ్లు వచ్చే మీది పక్క ఒకచోట, నీళ్లు పోయే కింది పక్క ఒకచోట కట్టి, వాటిని రెండు నెలలు నీళ్లలోనే ఉంచింది. మీదివి ఒక బకెట్, కిందివి ఒక బకెట్. ఎర్ర మూతది కింది బకెట్, నీలి మూతది మీది బకెట్. గుల్లల మీద రంగు చుక్క పెడదామంటే ఆ రంగులోనే సీసం ఉండొచ్చని, గుర్తంతా మూతలకే వదిలేసింది.

మగ్దలేనమ్మ శుభ్రత కలిగిన మనిషి. బకెట్ల నీళ్లు మార్చేటప్పుడు మూతలు రెండూ సబ్బు పెట్టి తోమి ఎండలో ఆరేసింది. తర్వాత చేతికి వచ్చిన మూత చేతికి వచ్చిన బకెట్‌కు పెట్టింది. తిన్న నత్తల గుల్లలైనా ఉన్నాయా అంటే, గుడ్లకు మంచిదని దంచి కోళ్లకు వేసింది. మిగిలింది ఒక్క బకెట్. ఆ నత్తలు మీదివో కిందివో చెప్పగలిగేవాళ్లు ఆ వాకిట్లో లేరు.

అప్పుడే ప్రేమ్‌చంద్ బండి వచ్చి ఆగింది.

ప్రేమ్‌చంద్ ఈ ఇంటి పెద్దకొడుకు, మహిమ భర్త. ఆ కంపెనీలోనే పని చేస్తాడు. రాత్రి డ్యూటీ దిగి నీలం చొక్కాతోనే వచ్చాడు. చెల్లెలు ఒర్రె నీళ్ల పని మొదలుపెట్టిన నాటి నుంచి ఆమెతో సరిగ్గా మాట్లాడడం లేదు. ఒర్రె నీళ్లు కొబ్బరినీళ్ల లెక్క ఉన్నాయని, చదువుకున్నవాళ్లకు పనిలేక తన నోటికాడి బుక్క లాగుతున్నారని ఊరంతా చెప్పుకు తిరిగాడు. పోయిన వారమైతే జాలీలు తెంపి పారేస్తానన్నాడు. తండ్రి అడ్డం నిలబడకపోతే తెంపేవాడే.

సంగతి చెప్పింది మహిమే. రెండు ముక్కల్లో చెప్పింది.

ప్రేమ్‌చంద్ బండి స్టాండు కూడా వేయలేదు. "ఏ బకెట్ వండినవవ్వా?" అన్నాడు.

మగ్దలేనమ్మ గరిటెను రెండు చేతులతో పట్టుకుంది.

"నిన్నే అడుగుతున్న. మీదియా, కిందియా?"

బక్కయ్య సుత్తి కింద పెట్టి కొడుకు దిక్కు చూశాడు.

"ఏడాది సంది ఒర్రె నీళ్లు మంచియే అనవడితివి," అన్నాడు నెమ్మదిగా. "మరి ఏ బకెట్ అయితే నీకేందిరా?"

ప్రేమ్‌చంద్ మొహంలో రక్తం దిగిపోయింది. నోట్లోంచి ఏం జారిందో అతనికి అప్పుడు తెలిసింది. పెండ్లాం కళ్లలోకి చూడలేక బండి హ్యాండిల్ వైపు చూశాడు. బండిని మళ్లీ స్టార్ట్ చేసి, ఆటో తెస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

*

ఆటోలో మహిమను ధర్మపురి తీసుకుపోయారు. అక్కడ డాక్టర్ రుక్సానా కాన్పుల కేసులు చూస్తుంది. నవ్వుతూ తిట్టడం, తిడుతూ ధైర్యం చెప్పడం ఆమె పద్ధతి. అంతా విని ఒక్కసారి తిన్న కూరకు బిడ్డకు ఏమీ కాదని తేల్చి చెప్పింది. గాబరా పడితేనే ఎక్కువ నష్టమంది. మహిమను పడుకోబెట్టి, చిన్న యంత్రం కడుపు మీద ఆనించి, లోపల బిడ్డ గుండె చప్పుడు అందరికీ వినిపించింది. గుర్రప్పిల్ల ఉరికినట్టు ఉంది ఆ చప్పుడు. ప్రేమ్‌చంద్ గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

తర్వాత డాక్టరమ్మ అసలు ప్రశ్న అడిగింది. ఇంతకుముందు కూడా తిన్నారా అని.

మహిమ అత్త వైపు చూసింది. మగ్దలేనమ్మ తల వంచుకుని, వానలు మొదలైన కాడి నుంచి రెండు మూడు సార్లు తానే ఒర్రెలో ఏరుకొచ్చి పెట్టానని చెప్పింది. నడుముకు బలమని పెట్టింది. తనకు తన అత్త అట్లాగే పెట్టింది.

"పెట్టిందాంట్ల తప్పేం లేదమ్మా," అంది రుక్సానా. "నత్త మంచిదే. అది ఉన్న నీళ్లు ఎట్లాంటియో మనకు తెల్వాలె. రక్తం పరీక్షకు పంపిస్త, ఫికర్ చెయ్యకున్రి. తేలేదాంక మాత్రం ఒర్రెదేదీ తినొద్దు." ఆరాధన వైపు తిరిగి ఇంకో మాట చేర్చింది. "నీ నత్తల సంగతి తేలినంక నాకు చెప్పు. ఆ ఒర్రె పొంటి ఊర్ల నుంచి నా దగ్గరికి చానా మంది ఆడోళ్లు వస్తరు."

తిరుగుదారిలో ఆటోలో మగ్దలేనమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఎవరి మీద అలిగినా ఆమె గిన్నెలు మోగించేది, ఇవాళ మోగించడానికి గిన్నెలు కూడా లేవు. ఆమె బాధ వేరు. పరాయి పిల్లను తెచ్చుకుని కడుపులో పెట్టుకుని చూసుకుంటున్నానని పదిమందిలో చెప్పుకునే మనిషి. అదే చేత్తో అన్నంలో ఏం కలిపి పెట్టానోనన్న ఆలోచన ఆమెను లోపల్లోపల కోసేస్తోంది. కడుపులో ఉన్న పసికందుకు ఎవరు జవాబు చెప్తారు?

ధర్మపురి దాటాక మహిమ ఆమె చేయి అందుకుంది. "అత్తమ్మా," అంది, "ఏమాటకామాటే. కూర మాత్రం మంచిగుండె."

మగ్దలేనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడ్చిందో నవ్విందో ముందు సీట్లో ఉన్న ఆరాధనకు తెలియలేదు.

*

ఇంటికొచ్చాక ప్రేమ్‌చంద్ మిగిలిన బకెట్‌ను తీసుకుపోయి వేపచెట్టు నీడలో పెట్టాడు. నీళ్లు మార్చాడు. పురుగును చూసినట్టు చూసిన నత్తలను ఇప్పుడు చంటిపిల్లలను చూసినట్టు చూస్తున్నాడు.

ఆరాధనకు అన్న మీద జాలి కలగలేదు, ఒళ్లు మండింది. ఏడాది పొడుగునా తనను కంపెనీ గేటు ముందు, చర్చి మెట్ల మీద, చుట్టాల ముందు తక్కువ చేసి మాట్లాడిన మనిషి. ఇప్పుడు తన ఇంటికి నిప్పంటుకునేసరికి నీళ్లు వెతుకుతున్నాడు. అతనికి ఏం తెలుసో ఇప్పుడే నిలదీసి అడుగుతానని లేచింది.

బక్కయ్య ఆమెను ఆపాడు. "ఇప్పుడు అడగకు బిడ్డా," అన్నాడు. "ఉండనీ. మంచినీళ్లల్ల ఉంచితే నత్తయినా కక్కుతది."

శనివారం అట్లా గడిచింది. ప్రేమ్‌చంద్ అన్నం దగ్గర కూర్చుని సగంలో లేచాడు. ఒంట్లో బాగాలేదని కంపెనీకి కబురు పంపి డ్యూటీకి పోలేదు. అడిగితే తలుపు వేసుకుంటాడేమోనని ఎవరూ అడగలేదు. మాటలన్నీ ఉప్పు, నీళ్లు, దుప్పటి దగ్గరే ఆగిపోయాయి.

ఆదివారం అందరూ చర్చికి పోయారు, ప్రేమ్‌చంద్ తప్ప. ప్రార్థన విన్నపాలు చెప్పుకోమన్నప్పుడు మగ్దలేనమ్మ లేచి నిలబడింది. ఎప్పుడూ ఊరందరి జ్వరాలూ పేరుపేరునా చదివే ఆమె, ఆ రోజు ఏమీ చెప్పలేక మళ్లీ కూర్చుంది. పాస్టరుగారు అదీ ఒక విన్నపమే అనుకుని ప్రార్థన చేశారు.

వాళ్లు తిరిగొచ్చేసరికి ఆకాశం నల్లబడుతోంది. ప్రేమ్‌చంద్ వేపచెట్టు కింద బకెట్ ముందు పీట వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆరాధన పోయి పక్కన గొంతుక్కూర్చుంది.

"గివి కిందియేనా?" అని అడిగాడు, తల ఎత్తకుండా.

"నాకు తెల్వదన్నా. చూస్తే తెలిసేదైతే పరీక్షలెందుకు? రేపు కరీంనగర్ తీస్కపోతే, పదిరోజులల్ల తెలుస్తది."

"కిందియే అయ్యుండాలె," అన్నాడు ప్రేమ్‌చంద్. "ఖరాబైనయే మిగిలి ఉండాలె. అప్పుడు మహిమ తిన్నయి మంచియి అయితయి."

ఆరాధన అతన్ని తేరిపార చూసింది. ఒర్రెలో సీసం దొరకకూడదని ఏడాదిగా కోరుకున్న మనిషి, ఇప్పుడు నత్తల్లో ఉండాలని కోరుకుంటున్నాడు. నిన్నటి మంట కొంచెం చల్లారింది.

"గట్లయితే మీ కంపెనీ మీద రుజువైతదన్నా," అంది. "నీ నౌకరి పోతదేమో."

"తెలుసు."

గాలి లేచింది. వేపాకు రాలి బకెట్ నీళ్లలో పడింది. ప్రేమ్‌చంద్ దాన్ని వేలితో తీసేశాడు.

"మీరు బాటిళ్లల్ల నీళ్లు పట్టుకపోతరు గద," అన్నాడు. "ఎన్నిసార్లు పట్టినా మంచిగనే వస్తయి. ఎందుకో ఎరుకేనా?"

"నీళ్లు ఇయ్యాల్టి మాటనే చెప్తయన్నా. నిన్న వదిలింది నిన్ననే కొట్టుకపోతది. నత్త ఆన్నే ఉంటది, ఉన్నన్ని దినాల మాట చెప్తది. అందుకే నత్తలను పట్టుకున్న."

"మీరు ఎండపూట వస్తరు," అన్నాడు ప్రేమ్‌చంద్. "ఎండపూట ఏం వదలరు. కంపెనీ ఖరాబు నీళ్లు వెనక గుంతల నిల్వ చేస్తరు. వాన పడ్డప్పుడు వదులుతరు. ఒర్రె జోరుగ పారుతుంటది, ఎర్రనీళ్లల్ల ఏ రంగు కనవడది, ఏ వాసన రాదు."

తండ్రి మాట గుర్తుకొచ్చి ఆరాధన తొందరపడలేదు. ఒక్కటే అడిగింది. "ఎవరు వదులుతరు?"

ప్రేమ్‌చంద్ రెండు అరచేతులూ మోకాళ్ల మీద తిప్పి పెట్టుకుని వాటిని చూసుకున్నాడు.

"వాన మొదలైతే మా సూపర్వైజర్ లింగమూర్తి సార్ ఫోన్ జేస్తడు," అన్నాడు. "వాల్వు తిప్పేది నేనే."

వంటింటి కిటికీ దగ్గర ఏదో చప్పుడైంది. మగ్దలేనమ్మ అక్కడే ఉంది, అంతా వింది. ఆమె బయటికి వస్తుంటే ఆరాధన లేచి నిలబడింది. ఆ తల్లికి కోపమొస్తే చీపురుకట్ట, సాంబారు గరిటె అన్న తేడా ఉండదు.

మగ్దలేనమ్మ చేతిలో అన్నం కంచం ఉంది. దాన్ని కొడుకు ముందు పెట్టింది. చాలాసేపు అతని నెత్తి వైపు చూస్తూ నిలబడింది. చిన్నప్పుడు తాను నూనె పెట్టిన నెత్తి అది.

"కక్కినవ్ గద," అంది. "ఇగ తిను."

ప్రేమ్‌చంద్ తిన్నాడు. మెతుకులతో పాటు కన్నీళ్లు కూడా మింగుతూ తిన్నాడు. అతని మీద ఎవరూ కేకలు వేయలేదు. వేసి ఉంటే అతనికి సులువుగా ఉండేది. మహిమ వచ్చి పక్కన పీట మీద కూర్చుంది. లేచి పోలేదు.

సగం కంచం అయ్యేసరికి పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి.

అందరి చూపూ కిటికీలో ఛార్జింగ్ పెట్టిన ప్రేమ్‌చంద్ ఫోన్ మీదికి పోయింది. అది ఇంకా మోగలేదు. ప్రేమ్‌చంద్ కంచంలో చేయి కడిగేశాడు.

"నేను ఫోన్ తియ్యకపోతే నా తోటి పనోడు హనుమండ్లును పిలుస్తరు," అన్నాడు ఆరాధనతో. "ఆయన పక్క ఊరి నుంచి రావాలె, జర సేపు పడతది. గా లోపల మనం పైపు మూతికాడ ఉండాలె. నువ్వు బాటిళ్లు తీస్కో. గీ బకెట్ల నత్తలను ముట్టకు, కొత్త జాలీ ఒకటి పట్టుకో. ఎక్కడ కట్టాల్నో నేను చూపిస్త."

"వాల్వు తిప్పకుంటే నిన్ను ఉంచుతరా?" అంది మహిమ. అది ఆమె ఆ రోజు భర్తతో మాట్లాడిన మొదటి మాట.

"ఉంచరు."

"నువ్వు తిప్పకు," అంది మహిమ.

బక్కయ్య అప్పటికే యూరియా సంచిని టోపీలాగా మడిచి నెత్తి మీద కప్పుకున్నాడు. కొత్త కామ బిగించిన పార భుజాన వేసుకుని, దారిలో జారుతుంది మెల్లగా నడవండి అంటూ ముందు నడిచాడు. ఒర్రె పొంగకముందే తిరిగి రావాలని మగ్దలేనమ్మ వెనక నుంచి చెప్పింది. ఆరాధన బాటిళ్ల సంచి ఛాతీకి హత్తుకుంది. ఏడాది నుంచి ఈ దారిలో ఒక్కతే నడిచింది. ఈరోజు ముందు తండ్రి, వెనక అన్న. వానలో తడుస్తున్నా ఆమెకు హాయిగా అనిపించింది.

వాళ్లు వీధి మలుపు తిరిగారో లేదో ఫోన్ మోగింది.

మగ్దలేనమ్మ దాన్ని నిప్పుకణికను చూసినట్టు చూసింది. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. మహిమ ఒక చేయి నడుముకు ఆనించుకుని లేచింది, ఛార్జర్ తీగ పీకి ఫోన్ చెవికి పెట్టుకుంది.

అవతల లింగమూర్తి గొంతు గట్టిగా ఉండడంతో మగ్దలేనమ్మకు కూడా వినిపించింది. ప్రేమ్‌చంద్ ఏడి, వాన కనిపించడం లేదా, వెంటనే రమ్మనమని.

"ఇంట్ల లేడు సార్," అంది మహిమ.

"గీ వానల ఏడికి పోయిండమ్మా?"

"ఒర్రెకు పోయిండు సార్. నత్తలకు."

అవతల మాట ఆగిపోయింది. ప్రేమ్‌చంద్ చెల్లెలి నత్తల సంగతి కంపెనీలో తెలియనివాళ్లు లేరు. రేకుల మీద వాన చప్పుడు పెరిగింది. ఫోన్ పెట్టేశాడేమో అనుకుంటుండగా లింగమూర్తి గొంతు మళ్లీ వచ్చింది, ఈసారి బాగా తగ్గి.

"ఏ దిక్కు పోయిండు? మీదికా, కిందికా?"

మహిమ అత్త కళ్లలోకి చూసింది. కింది నీళ్లలో ఏముందో ఈయనకూ తెలుసు. అందరికీ తెలుసు. కడుపులో బిడ్డ ఒకసారి కదిలింది.

"కిందికే సార్," అంది.

ఫోన్ కిటికీలో పెట్టి వచ్చి పీట మీద కూర్చుంది. మగ్దలేనమ్మ వేపచెట్టు కింది బకెట్‌ను తెచ్చి అరుగు మీద, వాన పడనిచోట పెట్టింది. తర్వాత పొయ్యి మీదికి కొత్తగా ఎసరు ఎక్కించింది. తడిసి వచ్చే ముగ్గురికీ వేడన్నం కావాలి.